ఫ్లాటు మనదే, నేలలో మన వాటా ఎంత?

(దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో ఉంటున్న స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆస్తి హక్కు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆస్తి అనగానే మనకు పొలం గుర్తుకొస్తుంది, పుట్టింట్లో అన్నదమ్ములతో వాటా గుర్తుకొస్తుంది. కానీ ఇక్కడ కూచున్న వాళ్లలో చాలామందికి ఉన్న ఆస్తి ఒక్కటే. మూసారాంబాగ్‌లోనో, చైతన్యపురిలోనో, కొత్తపేటలోనో, కర్మన్‌ఘాట్‌లోనో మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాటు. దానికోసం గాజులు బ్యాంకులో పెట్టాం, చిట్టీలు ఎత్తాం, ఇరవయ్యేళ్లు వాయిదాలు కట్టాం. ఇంత చేసి కొన్నదేమిటో, కాగితంలో మన పేరెక్కడుందో, ఆ భవనాన్ని ఎవరు ఏ అధికారంతో నడుపుతున్నారో మాత్రం చాలామందికి తెలియదు. అడిగితే "అవన్నీ మా ఆయన చూసుకుంటారు" అంటాం. అందుకని ఇవాళ ఫ్లాటు సంగతే చెబుతాను.

ఈ సంగతి ఇప్పుడే మాట్లాడుకోవడానికి కారణం ఉంది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో చాలా వాటికి ముప్పయ్యేళ్లు దగ్గర పడ్డాయి, కొన్నిటికి దాటాయి. పెచ్చులూడుతున్నాయి, పైపులు కారుతున్నాయి. మరోపక్క 2007లో ఎల్.బి. నగర్ మునిసిపాలిటీ మహానగర పాలక సంస్థలో కలిసింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి. నగర్ దాకా మెట్రో నడవడం మొదలైంది. భవనం పాతబడే కొద్దీ దాని కింది నేల ధర పెరుగుతూ వచ్చింది. కాబట్టి బిల్డర్లు పాత మెట్లెక్కి వస్తున్నారు. "దీన్ని పడగొట్టి కొత్తది కట్టిస్తాం, ఒక్కొక్కరికీ ఇంత ఇస్తాం" అంటున్నారు. అలా వచ్చిన మనిషి మీరు వంటగదికి వేయించిన గ్రానైటు చూడడు. "మొత్తం స్థలం ఎన్ని గజాలు, అందులో మీ వాటా ఎన్ని గజాలు" అని అడుగుతాడు. దానికి జవాబు మన దగ్గర ఉండాలి కదా.

ఇంటికెళ్లాక సేల్ డీడ్ తీసి చివరి పేజీల్లో షెడ్యూల్ చూడండి. మొదట మొత్తం స్థలం వివరం ఉంటుంది, సర్వే నంబరు, ప్లాటు నంబర్లు, నాలుగు హద్దులు. తర్వాత మీ ఫ్లాటు వివరం, దాని హద్దులు. ఈ రెండో దాన్ని చదివితే కొంచెం నవ్వొస్తుంది. పొలానికైతే హద్దులో పక్క రైతు పేరుంటుంది, కాలువ ఉంటుంది, డొంక ఉంటుంది. మన ఫ్లాటుకు తూర్పున ఓపెన్ టు స్కై, దక్షిణాన ఓపెన్ టు స్కై, పడమర కూడా ఆకాశమే, ఉత్తరాన కారిడార్. అంటే మనం కొన్నది గాలిలో ఉన్న ఒక పెట్టె. ఆ పెట్టెను నేలకు కట్టి ఉంచే వాక్యం అక్కడే ఒకటుంటుంది. "ఇన్ని చదరపు గజాల అన్‌డివైడెడ్ షేర్‌తో సహా" అని. విభజించని వాటా అన్నమాట. ఈ మూల నుంచి ఆ మూల దాకా నాది అని గీత గీయడానికి వీల్లేదు, కానీ మొత్తంలో అంత భాగం మీదే. గోడలు ఏడాదికేడాది అరుగుతాయి. అరగని ఆస్తి ఆ గజాలే.

లెక్క చెప్పుకుంటే సులువుగా తెలుస్తుంది. 600 గజాల స్థలంలో 20 ఫ్లాట్లున్నాయి, అన్నీ ఒకే కొలత అనుకుందాం. ఒక్కో ఫ్లాటుకు 30 గజాలు రావాలి. గజం లక్ష రూపాయలనుకుంటే, భవనం నేలమట్టమైనా మీకు 30 లక్షల ఆస్తి ఉన్నట్టు. కానీ అన్ని దస్తావేజుల్లోనూ 30 ఉండదు. ముందు కొన్నవాళ్లకు 32 రాస్తారు, చివర్లో కొన్నవాళ్లకు 22 రాస్తారు. కొలత ఒకటే, ధర ఇంచుమించు ఒకటే, నేల మాత్రం తేడా. కొనేటప్పుడు టైల్స్ రంగు గురించి గంటసేపు మాట్లాడతాం, ఈ అంకె దగ్గర ఆగం.

ఇంకొక పని చెయ్యండి. ఇరవై ఫ్లాట్ల దస్తావేజుల్లోని గజాలన్నీ ఒక కాగితం మీద కూడండి. ఇది ఏ వకీలూ అక్కర్లేని పని, మధ్యాహ్నం పూట నలుగురు ఆడవాళ్లు కలిసి చేసెయ్యగలిగిన పని. మొత్తం 600 వస్తే సరే. 520 వచ్చిందనుకోండి, మిగతా 80 గజాలు ఎవరికీ అమ్మకుండా బిల్డరు దగ్గరో భూయజమాని దగ్గరో ఉండిపోయాయన్నమాట. రేపు భవనం పడగొట్టే రోజున ఆయనో, ఆయన వారసులో వచ్చి "మాకూ వాటా ఉంది" అంటారు. 640 వచ్చిందనుకోండి, లేని నేలను అమ్మారన్నమాట. ఈ రెండింట్లో ఏదైనా ఇప్పుడు బయటపడితే సవరణ దస్తావేజు గురించి అడగొచ్చు. కొట్లాట మొదలయ్యాక బయటపడితే కోర్టే దిక్కు.

చట్టం ఏమంటుందో చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో అపార్ట్‌మెంట్ల నిర్మాణం, యాజమాన్యం మీద ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చారు. తెలంగాణ ఏర్పడ్డాక ఇక్కడా దాన్నే కొనసాగించారు. దాని సారం ఏమంటే, ఫ్లాటు మీద యజమానికి సొంత హక్కు, ఉమ్మడి భాగాల మీద విభజించని వాటా. ఈ రెంటినీ విడదీసి ఒకటి ఉంచుకుని ఒకటి అమ్మడానికి వీల్లేదు. తర్వాత 2016లో కేంద్రం రెరా చట్టం చేసింది. ఉమ్మడి భాగాలంటే ఏమిటో అందులో వరసగా చెప్పారు: స్థలమంతా, మెట్లు, లిఫ్టు, బేస్‌మెంటు, పైకప్పు, తెరిచి ఉన్న పార్కింగ్, సంపు, మోటార్లు. వాచ్‌మన్ కుటుంబం ఉండే గది కూడా ఉమ్మడి భాగమేనని రాశారు. ఆ గది సంగతి మళ్లీ చెబుతాను.

కాబట్టి "టెర్రస్ నాది, పైన రెండు గదులు వేసుకుంటా" అని బిల్డరు అంటే "ఏ గజాల మీద వేస్తావు" అని అడగాలి. చాలా భవనాల మీద పెంట్‌హౌస్‌లు అలా లేచినవే, అనుమతి లేకుండా. అనుమతి లేని కట్టడాలను క్రమబద్ధీకరిస్తామని ప్రభుత్వాలు 2007లో ఒకసారి, 2015లో ఒకసారి పథకాలు తెచ్చాయి. కింద ఉన్న ఇరవై కుటుంబాలను అడిగి తేలేదు లెండి. పార్కింగ్ కూడా ఇలాంటిదే. స్టిల్టు కింద గీతలు గీసి ఒక్కో గీతకు లక్షలు తీసుకుంటారు. 2010లో సుప్రీంకోర్టు ముంబయిలోని ఒక సొసైటీ కేసులో, స్టిల్టు పార్కింగ్‌ను బిల్డరు విడిగా అమ్ముకోవడానికి లేదని తీర్పిచ్చింది. అది మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన తీర్పే అయినా, మన కమిటీల్లో వాదించడానికి పనికొస్తుంది.

కొత్తగా కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం, అనుమతి ఇచ్చేటప్పుడు కట్టబోయే దాంట్లో పది శాతం మునిసిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు. అనుమతి ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే దాన్ని విడిపిస్తారు. మీకు చౌకగా ఇస్తామంటున్న ఫ్లాటు ఆ పది శాతంలోది కాదు కదా అని చూసుకోండి.

ఇప్పుడు అసలు ఈ నేల ఎవరిది? కొత్తపేట, నాగోలు, మన్సూరాబాద్, హయత్‌నగర్ ఇవన్నీ ఒకప్పటి ఊళ్లు. ఊరివాళ్ల భూమిని బిల్డరు డెవలప్‌మెంటుకు తీసుకుంటాడు, సగం ఫ్లాట్లు వాళ్లకి, సగం తనకి. ఆ ఒప్పందం మీద తండ్రి, కొడుకులు సంతకాలు పెడతారు. కూతుళ్ల సంతకాలుండవు. "పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం" అంటారు. కానీ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే చట్టం ఉంది. అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లను మాత్రం అది వదిలేసింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లితో నిమిత్తం లేకుండా కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు నిలుస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇది మనకెందుకంటారా? ఫ్లాటు కొనబోయే మనిషిగా "మీ ఆడపిల్లలు సంతకాలు చేశారా" అని మీరడగాలి. వాళ్లు సంతకం చెయ్యకపోతే రేపు దావా మీ ఇంటి మీదికే వస్తుంది. అంటే మీ జాగ్రత్త కోసం మీరు అడిగిన ప్రశ్న, ముక్కూ మొహం తెలియని ఇంకో ఆడమనిషి వాటాను గుర్తు చేస్తుంది. కొనేవాళ్లందరూ అడగడం మొదలు పెడితే, ఆమెతో ఊరికే విడుదల దస్తావేజు రాయించుకోవడం అన్నదమ్ములకు అంత తేలిక కాదు.

ఇక మన పేరు. దస్తావేజులో భర్త పేరొక్కటే ఉండి, ఆయన వీలునామా రాయకుండా చనిపోయారనుకోండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, పిల్లలు, ఆయన తల్లి సమాన వారసులు. ఇద్దరు పిల్లలు, అత్తగారు, మీరు. నలుగురికీ తలా పాతిక. ఇందాకటి 30 గజాల్లో మీవి ఏడున్నర. మలక్‌పేట, సరూర్‌నగర్ వైపు నుంచి ముస్లిం అక్కలు కూడా ఇవాళ వచ్చారు. పిల్లలున్న భార్యకు వచ్చేది ఎనిమిదో వంతని, కూతురికి కొడుకు వాటాలో సగమని వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కొన్ననాడే మీ పేరుతోనో ఇద్దరి పేర్లతోనో రాయించుకుంటే, మీ భాగం వరకు ఈ పంపకాల లెక్కలోకి రాదు. ఇద్దరి పేర్లుండి ఎవరి వాటా ఎంతో రాయకపోతే, ఎవరెంత డబ్బు పెట్టారో రుజువు లేనప్పుడు చెరిసగం అని భావిస్తారు. లోన్ కాగితాల మీద కో-అప్లికెంట్‌గా మన సంతకం తీసుకోవడం బ్యాంకులకు బాగా అలవాటే. అప్పులో సగం మనదైనప్పుడు ఆస్తిలో సగం అడగడానికి సిగ్గెందుకు?

పేరుంటే చాలదు. ఇక్కడి నుంచి అసోసియేషన్ మొదలవుతుంది. నిజానికి అపార్ట్‌మెంటును రోజూ నడిపేది మనమే. ట్యాంకరు ఎప్పుడొస్తుందో మనకు తెలుసు, లిఫ్టు ఏ రోజు ఆగిందో తెలుసు, ఏ పైపు ఎక్కడ కారుతోందో తెలుసు. ఆదివారం పొద్దున మీటింగుకు మాత్రం మగవాళ్లు కూచుంటారు, మనం చాయ్ పంపిస్తాం. దస్తావేజు భార్య పేరు మీదున్న ఫ్లాటుకు కూడా రిజిస్టరులో భర్త పేరే రాసి ఉంటుంది. ఆయన పోతే "మీ అబ్బాయిని పంపండమ్మా" అంటారు. చాలా బైలాల్లో ఫ్లాటుకు ఒక ఓటు, ఉమ్మడి పేర్లుంటే మొదటి పేరున్న వాళ్లకే. కాబట్టి ఎవరి పేరు ముందు అన్నది చిన్న విషయం కాదు.

2020 అక్టోబరులో ఏం జరిగిందో మీలో చాలామంది చూశారు. సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీలన్నీ నీళ్లలో ఉన్నాయి. సెల్లార్లు నిండిపోయాయి. మోటార్లు, కరెంటు ప్యానెళ్లు, లిఫ్టు గుంత అన్నీ మునిగాయి. నీళ్లు తీశాక బాగుచేయించాలంటే పైఅంతస్తుల వాళ్లు కొన్నిచోట్ల "మా ఇంట్లోకి నీళ్లు రాలేదు, మేమెందుకు ఇవ్వాలి" అన్నారు. మూడో అంతస్తుకు నీళ్లెక్కించేది సెల్లార్‌లోని మోటారే కదా! ఉమ్మడి భాగం అంటే అర్థం అదే. దాన్ని వాడినా వాడకపోయినా, మీ అంతస్తు ఏదైనా, వాటాను బట్టి ఖర్చు అందరిదీ. కానీ ఆ మాట గట్టిగా చెప్పాలంటే అసోసియేషన్ రిజిస్టరై ఉండాలి, బైలాలుండాలి, ఫ్లాటుకు సమానంగానా చదరపు అడుగు చొప్పునా అన్నది ముందే తీర్మానమై ఉండాలి, పెద్ద మరమ్మతుల కోసం నిధి విడిగా బ్యాంకులో ఉండాలి. చాలాచోట్ల ఉన్నది ఒక రబ్బరు ముద్ర, ఒక లాంగ్ నోట్‌బుక్కు. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేయించడానికి ఏడుగురు సభ్యులు చాలు.

మీ పిల్లల్లో కొందరు సిడ్నీలో ఉన్నారు కదా. వాళ్లు ఫోన్లో "స్ట్రాటా కట్టాలి" అంటుంటారు. అది మన మెయింటెనెన్స్ లాంటిదే. ఆ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1961లోనే దీనికి చట్టం చేశారు. అక్కడ ప్లాను రిజిస్టరైన రోజే యజమానులందరితో ఒక సంస్థ దానంతటదే పుడుతుంది, ఉమ్మడి భాగాలు దాని పేరు మీదికి వస్తాయి. ఎవరూ చందాలు పోగు చేసి, తిరిగి తిరిగి పెట్టనక్కర్లేదు. రోజువారీ ఖర్చులకు ఒక నిధి, పెద్ద మరమ్మతులకు ఇంకొక నిధి ఉండి తీరాలి. సగం ఇళ్లలో అద్దెకున్న వాళ్లుంటే కమిటీలోకి వాళ్లు తమ ప్రతినిధిని కూడా పంపుకోవచ్చు. మన దగ్గర రెరా కొంత దారి చూపింది. సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా బిల్డరు చూడాలి, కొన్నవాళ్లూ అందులో పాల్గొనాలి అంది. కట్టడంలో లోపాలు అయిదేళ్ల లోపు బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి అంది. కానీ తెలంగాణలో అది 2017 జనవరి 1 తర్వాత అనుమతి పొందిన వాటికే. 1994లో కట్టిన మన భవనానికి మనమే దిక్కు.

అద్దెకున్న వాళ్ల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. జిల్లాల నుంచి ఆడపిల్లలు చదువుకోవడానికి వస్తారు. మన అసోసియేషన్లు గేటుకు బోర్డు పెడతాయి: బ్యాచిలర్లకు ఇవ్వరాదు, ఒంటరి ఆడవాళ్లకు ఇవ్వరాదు. బోర్డు మీద రాయనివి ఇంకొన్ని ఉంటాయి, కులం అడుగుతారు, మతం అడుగుతారు, వంటింట్లో ఏం వండుతారో అడుగుతారు. కోర్టుకు పోతే గెలుస్తామని నేను మీకు భరోసా ఇవ్వలేను. 2005లో ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని తమ సమాజం వారికే పరిమితం చేసుకున్న బైలాను సుప్రీంకోర్టు సమర్థించింది. నాకా తీర్పు నచ్చదు, కానీ ఉంది. కాబట్టి ఇలాంటి నిబంధన పుట్టకుండా చూడాల్సింది మొదట జనరల్ బాడీలోనే. చదువుకోవడానికి ఊరు విడిచి వచ్చిన పిల్లకు ఇల్లు ఇవ్వొద్దని చేతులెత్తే చోట, ఎత్తని చేతులు నాలుగైనా ఉండాలంటే మనం చాయ్ గ్లాసులు పక్కన పెట్టి అక్కడ కూచోవాలి.

ఇందాక వాచ్‌మన్ గది అన్నాను. జీతం ఆయన ఒక్కడికే. మెట్లు ఊడ్చేది, కారిడార్లు తుడిచేది, మోటారు వేసేది, ఆయన లేనప్పుడు గేటు తీసేది ఆమె. ఆమె పేరు ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. కమిటీలో ఖర్చులు చదివినప్పుడు ఎవరైనా ఈ సంగతి ఎత్తితే "వాళ్లకు గది ఫ్రీ కదా" అంటారు. మన ఇళ్లలో మన పనిని గురించి అనే మాట కూడా అచ్చం ఇదే, గమనించారా? మెట్ల కింద, సంపు పక్కన ఉన్న ఆ గదికి కిటికీ ఉందా, ఆమెకు విడిగా బాత్రూం ఉందా అన్నది ఉమ్మడి భాగాల నిర్వహణలోకే వస్తుంది. ఆమె పనికి ఆమె చేతికే ఇంత అని తీర్మానం రాయించొచ్చు. దానికి ఏ కొత్త చట్టమూ రానక్కర్లేదు.

చివరిగా ఒక ప్రశ్న. సమావేశానికి ముందు ఒకామె పక్కకు పిలిచి అడిగారు: "దస్తావేజు మా ఆయన బీరువాలో ఉంది, తాళం ఇవ్వరు. అడిగితే అనుమానమా అంటారు. నేనెట్లా చూడను?" అందరికీ పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను. అమ్మకపు దస్తావేజులు రిజిస్ట్రారు ఆఫీసులో ఎక్కేది ఒకటో నంబరు పుస్తకంలో. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఆ పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు అడిగిన వారికి ఇవ్వాలి. ముందు ఇ.సి. తీయించండి, అందులో దస్తావేజు నంబరు, సంవత్సరం ఉంటాయి. ఆ నంబరుతో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోండి. దరఖాస్తు మీద మీ సంతకం ఒక్కటే చాలు, మీ ఆయన సంతకం అక్కర్లేదు.